మెత్తని కాలు

నిండు కుండ తొణకదంటారు. ఆ మాట పుట్టించిన మహానుభావుడు పికప్ బండి వెనక సాంబారు గుండిగ పెట్టుకుని చిక్కడపల్లి గుంతల్లో తిరిగి ఉండడు. తిరిగినవాడు ఆశన్న. వేదవతి గారి వంటశాల నుంచి పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ భోజనాలు చేరవేయడం అతని పని. చుక్క ఒలికితే ఆ పూట అతనికి అన్నం సయించదు. నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినంత మెత్తగా యాక్సిలరేటరు నొక్కుతాడు. వంటవాళ్ళు దానికి 'సాంబారు కాలు' అని పేరు పెట్టి ఎగతాళి చేసేవాళ్ళు. పైకి విసుక్కున్నా, ఆ పేరంటే అతనికి లోపల బోలెడు మురిపెం.

మెత్తగా నడపడానికి ఇంకో కారణం ఉంది. బండి వెనక గుండిగల మధ్య మూతలు పట్టుకుని కూర్చునేది అతని భార్య బాలనాగమ్మ. పాలమూరు నుంచి పట్నం వచ్చిన కొత్తలో ఇద్దరూ కలిసి ఇటుకలు మోశారు. ఆ తర్వాతే ఈ వంటశాలలో కుదురుకుని, అశోక్‌నగర్ బస్తీలో గది కిరాయికి తీసుకున్నారు. మరిగే సాంబారుకీ ఆమె ఒంటికీ మధ్య ఉన్నది ఒక మూత, తన పాదం. ఆశన్న ఈ లెక్క ఎప్పుడూ మరవలేదు.

ఎండాకాలంలో వేదవతి గారు పాత బండి అమ్మేసి టర్బో డీజిల్ పికప్ కొన్నారు. వానలు పడేదాకా అది పెళ్ళికొడుకులా నడిచింది. ఆషాఢంలో ఒకరోజు బాగ్ లింగంపల్లి నుంచి ఖాళీ గిన్నెలతో వస్తూ, ఆటోని దాటడానికి ఆశన్న కాస్త గట్టిగా తొక్కాడు. బండి ఉక్కిరిబిక్కిరై, నిలువెల్లా ఊగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు సాగిపోయింది. వెనక బాలనాగమ్మ మోచెయ్యి గిన్నెకు కొట్టుకుంది.

"బండికి పొలమారింది. ఎవలో తల్సుకున్నరు," అని బండి దిగాక నవ్విందామె.

ఆశన్నకి నవ్వు రాలేదు. మర్నాడే నారాయణగూడ సందులో మెకానిక్ మాసయ్య షెడ్డుకి పోయాడు. మాసయ్య బండి ముందు కిందికి దూరి ఒక పైపు ఊడదీస్తే, నూనె కలిసిన నీళ్ళు గ్లాసెడు కారాయి.

"నీళ్ళెట్ల పోయినయన్నా లోపటికి?" అన్నాడు ఆశన్న.

"ఎవ్వలు పొయ్యలే. ఇడ్లీ గిన్నె మూత తీస్తె లోపట చెమట పట్టి ఉంటది గద, గట్లనే. టర్బో గాలిని ఒత్తితె అది కాగుతది. ముందటున్న ఈ కూలర్ దాన్ని సల్లగ చేస్తది. వానకాలం గాలిల తడి జాస్తి. గా తడి నీళ్ళయి అడుగున నిలుస్తది."

"అందరి బండ్లల్ల నిలుస్తదా?"

"జర గట్టిగ నడిపెటోళ్ళకు ఎప్పటి నీళ్ళు అప్పుడు గాలికి కొట్టుకపోతయ్. నీ అసుంటి మెత్తనోనికి పేరుకుంటయ్. పేరుకున్నంక ఒక్కపారి తొక్కినవనుకో, అన్నీ ఇంజన్ గొంతులకు పోతయ్. నడిరోడ్డు మీద ఆగుతది."

మందు కూడా అతనే చెప్పాడు. కూలర్ అడుగున సూదంత చిల్లు పెడితే నీళ్ళు నిలవవు. లేదంటే వారం వారం పైపు ఊడదీసి వంపాలి, పొద్దున్నే సామాను ఎక్కించకముందు ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కి ఊదెయ్యాలి. "గోటితోని పొయ్యేదాన్ని గొడ్డలి దాక తెచ్చుకోకు," అని కూడా అన్నాడు.

వేదవతి గారు వింటూనే నొసలు చిట్లించారు. "కొత్త బండికి చిల్లేమిటయ్యా ఆశన్నా? రేపు కంపెనీవాళ్ళు గ్యారంటీ లేదు పొమ్మంటే ఎవరు జవాబు చెప్తారు? శ్రావణం వెళ్ళనీ, షోరూముకే తీసుకెళ్దాం." ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఒప్పులా కనపడే మాటతోనే అసలు చిక్కంతా.

ఆశన్న బుద్ధిగా పైపు ఊడదీసి నీళ్ళు వంపుతూ వచ్చాడు. తొక్కడం మాత్రం చేతకాలేదు. ఇందిరా పార్కు పక్కన తెల్లారి రోడ్డు ఖాళీగా ఉండేది. సగం తొక్కేసరికి పాదం దానంతటదే వెనక్కి వచ్చేది. ఇన్నేళ్ళూ మెత్తగా బతికిన కాలు మొరటుపని చెయ్యనని మొండికేసింది. ఇంతలో శ్రావణం పెళ్ళిళ్ళు మీద పడ్డాయి. పొద్దున ఒక హాలు, రాత్రి ఒక హాలు. పైపు సంగతి రేపు, ఎల్లుండి అంటూ వెనకబడింది. వాన మాత్రం ఒక్కరోజూ వెనకబడలేదు. బండి ముందు నుంచి నడిచినప్పుడల్లా, ఆ ఇనుప కడుపులో నీళ్ళు మెల్లగా ఊరుతున్నాయని అతనికి అనిపించేది. భయం పట్టలేక బాలనాగమ్మతో "ఇగ నువ్వు ముందటనే కూసో, మూతలు తాళ్ళతోని కడ్దాం," అన్నాడు. ఆమె సరేనని రెండు మూడు సార్లు ముందే కూర్చుంది.

హైదర్‌గూడ పెళ్ళినాడు ముహూర్తం పెందరాళే. పెళ్ళివారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. వేదవతి గారు గొడుగు ముడిచి, తానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. "పోనీవయ్యా, పరువు పోయేట్టుంది!"

ఉన్నది ఒక్క సీటు. అమ్మగారూ, మీరు ఆటోలో రండి, నా పెండ్లాం ఇక్కడ కూర్చోవాలి. ఇంతే మాట. ఆశన్న నోటిదాకా వచ్చింది, పళ్ళు దాటలేదు. మూతలకు తాళ్ళు కట్టే తీరిక లేక, బాలనాగమ్మ అప్పటికే చీర కుచ్చిళ్ళు దోపుకుని వెనక ఎక్కేసింది.

నారాయణగూడ చౌరస్తా చేరేసరికి సిగ్నల్ పచ్చ నుంచి మారబోతోంది. అడ్డరోడ్డున బస్సు ఇంజన్ గుర్రుమంటూ కాచుకుని ఉంది. "వెళ్ళిపో, వెళ్ళిపో, దొరుకుతుంది!" అన్నారు వేదవతి గారు. ఆశన్న పాదం ఈసారి మొండికెయ్యలేదు. యజమాని మాటకి లొంగి, జీవితంలో మొదటిసారి నేలకంటా దిగింది.

బండి ముందుకు ఉరికింది. చౌరస్తా నడుమకి వచ్చాక గొంతులో నీళ్ళు పడ్డ మనిషిలా ఎగిరెగిరిపడి, ఠక్కున ఆగిపోయింది. వెనక గుండిగ దొర్లిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఒక్క కేక.

ఆశన్న వానలోకి దూకి వెనక్కి పరిగెత్తాడు. గుండిగ పక్కకి ఒరిగి ఉంది. బాలనాగమ్మ నడుం కిందంతా సాంబారు, ఆవిరి. వేదవతి గారు చెప్పులు ఎక్కడ ఊడాయో చూడకుండా పైకెక్కి, పెళ్ళికని తెచ్చిన మంచినీళ్ళ క్యాన్లు ఒక్కొక్కటే ఆమె కాళ్ళ మీద గుమ్మరిస్తున్నారు. "నాదే తప్పమ్మా, నాదే," అంటూ ఏడుస్తున్నారు. ఎవరో ఆటో ఆపారు. ఆశన్న భార్యని రెండు చేతులా ఎత్తుకుని లోపల కూర్చోబెట్టాడు.

"పక్కన కడ్డీ ఉంటది గద! పట్టుకోలేదానే?" కోపమో ఏడుపో అతనికే తెలియలేదు.

బాలనాగమ్మ పళ్ళు బిగబట్టి, ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు నడుపుతున్నవ్ గద," అంది. "నువ్వు నడిపితె నేనెన్నడు పట్టుకున్న?"

ఆటోవాడు వెనక్కి తిరిగాడు. "అన్నా, రోడ్డంత గుంతలున్నయ్. అక్కకు నొప్పయితది, మెల్లగ పోవాల్నా?"

"తొక్కన్నా," అన్నాడు ఆశన్న, గొంతు పగిలేలా. "తొక్కు."