మోటారు బాగుచేసే మనిషి

టీచరు సామాను దించీ దించకముందే లెక్కల తాతయ్య మెట్ల దగ్గర ఎదురొచ్చాడు. ఆ పాత రేవుపట్నంలో, ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడుతున్న మూడంతస్తుల మేడకి ఆయనే పెద్ద. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఓడ దిగినవాళ్ళని లెక్కపెట్టాడు. రిటైరయ్యాక వీధిలోవాళ్ళని లెక్కపెడుతున్నాడు.

ఆ వీధి జనాభా అంతా ఆయనకు కంఠోపాఠం. పడుచువాళ్ళు పనులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారట. బడిలో పిల్లలకన్నా ఆస్పత్రి వరండాలో తాతలే ఎక్కువట. ఊళ్ళో పాత కోట చూడడానికి చక్రాల పెట్టెలతో వచ్చి నాలుగు రోజులుండి పోయేవాళ్ళని ఆయన మనుషుల్లో కలపడు. పూర్వం ఏయే దేశాలనుంచో ఓడల్లో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కనుక, తెల్లారితే ఆ మెట్ల మీద నాలుగు భాషల్లో దగ్గు వినిపిస్తుందని చెప్పి తనే నవ్వుకున్నాడు.

"మీ ఇద్దరి పుణ్యమా అని మా మేడ సగటు వయసు కాస్త దిగింది టీచరమ్మా. మీ ఆయనేరీ?"

"వెనకాల వస్తున్నారు," అంది టీచరు.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆయన పోయి రెండు నెలలైంది. వాటా మాట్లాడింది, ఫోన్లో బేరం కుదిర్చింది ఆయనే. ఆ తర్వాత ఒక ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలబడి, మళ్ళీ లేవలేదు. బదిలీ కాగితాలు అప్పటికే వచ్చేశాయి. పాత ఊళ్ళో ఆమె స్టాఫ్‌రూమ్‌లోకి రాగానే అందరూ గొంతు తగ్గించేవారు. ఆ తగ్గిన గొంతులు భరించలేక, బదిలీ రద్దు చేయిస్తామన్నా వద్దని ఒంటరిగా బయల్దేరింది.

అయితే ఇక్కడ నీళ్ళ మోటారు కాలిపోయి ఉంది. ఆయన మోటారు మెకానిక్. ఫోన్లో ఆ సంగతి విని, తాను రాగానే విప్పి చూస్తానని మాటిచ్చి, అందాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వద్దన్నాడు. అంతే, మేడంతా ఆ మాటకు కట్టుబడి కూర్చుంది. వయసు మళ్ళినవాళ్ళందరూ కింది కుళాయి దగ్గర బకెట్లు నింపుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ మోసుకుపోతున్నారు.

మర్నాడే చెప్పేద్దామనుకుంది. మర్నాటికి మాట ఇంకాస్త బరువెక్కింది. ఆయనకు సెలవు దొరకలేదంది, పని తెమలలేదంది. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండేది, తన మీదా, అడిగినవాళ్ళ మీదా. పాపపరిహారంగా బడికి వెళ్ళేముందు వాళ్ళ బకెట్లు తనే మోయడం మొదలుపెట్టింది. దాంతో బంగారంలాంటి పిల్ల అని పేరొచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలనుకుంది.

ఊరి మెకానిక్‌ని పిలుద్దామని రెండుసార్లు తాతయ్యతో అంది. ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా తిరుగుతారా, ఆయన చిన్నబుచ్చుకోరూ అని తాతయ్య కొట్టిపారేశాడు. రాత్రి ఫోన్లో చెల్లెలు, ఒక్క మాటేగా అక్కా, చెప్పేసి ఊరుకో అంది. ఆ ఒక్క మాట తర్వాత వచ్చే అయ్యోలు ఎన్నో చెల్లెలికేం తెలుసు?

ఒక సాయంత్రం బడినుంచి వచ్చేసరికి మధ్య మలుపులో పైవాటా మామ్మగారు మెట్టు మీద కూలబడి ఉంది. బకెట్ దొర్లిపోయి మెట్లన్నీ తడి. చీర కుచ్చిళ్ళు తడిసి, మోచేయి గీరుకుపోయింది. పక్కన నిలబడ్డ తాతయ్య అలవాటు ప్రకారం, ఆయన ఈ ఆదివారానికైనా వస్తారా అని అడిగాడు.

"రారు," అంది టీచరు. "ఆయన లేరు తాతగారూ. ఇక్కడికి రాకముందే పోయారు."

మెట్ల మీంచి నీళ్ళు జారుతున్న చప్పుడు వినిపించింది. ఆమె అయ్యో కోసం ఎదురుచూసింది.

తాతయ్య ముఖం ఎర్రబడింది. "ముందే చెప్పకూడదటమ్మా? ఇన్నాళ్ళూ మా మోకాళ్ళరిగేలా మోశామే. ఈవిడ నడుం విరిగుంటే?"

"నేను మెకానిక్‌ని పిలుద్దామంటే విన్నారా మీరు?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "రెండుసార్లు చెప్పాను. పట్టుదలంతా మీదే."

"అది మా పట్టుదలా? మీ ఆయన మాటకిచ్చిన విలువ."

"మనిషే లేనప్పుడు మాటకి విలువేమిటండీ!"

తాతయ్య, వీధి చివర పంపుల కొట్టువాడు ఇంకా మూసి ఉండడనుకుంటానని గొణిగి, కర్ర ఆనించుకుంటూ దిగి వెళ్ళాడు.

"నా చెయ్యి పట్టుకో," అంది మామ్మగారు. టీచరు ఆమెను లేపి, పైకి నడిపించి, మంచం మీద కూర్చోబెట్టి, దూదితో మోచేయి తుడవసాగింది. ఆవిడ అయ్యో అనలేదు. ఓదార్చనూ లేదు.

"మీ ఆయన నాతో కూడా మాట్లాడాడు ఫోన్లో," అంది. "మోటారు సంగతి అడుగుదామని ఫోను తీసుకున్నా. ముప్పావుగంట వదల్లేదు. సముద్రం కిటికీలోంచి కనపడుతుందా, మధ్యాహ్నం ఏ రంగులో ఉంటుంది, మా ఆవిడ ఉడుక్కి తాళలేదు, గాలి వస్తుందా... చెవి కాలిపోయిందనుకో. ఎంత వాగుడమ్మా ఆ మనిషిది!"

దూది పట్టుకున్న టీచరు చెయ్యి ఆగింది. ఆయన పోయాక ఆయన్ని విసుక్కున్న మొదటి మనిషి ఈవిడే.

"చంపుకు తినేవారు మామ్మగారూ," అంది. "అన్నం తింటూ కూడా ఆపేవారు కాదు."

"మరి నువ్వేం చేసేదానివి?"

టీచరు మంచం అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.