కాగితానికి అటూ ఇటూ

నేను ఒక దబ్బనాన్ని. రవికెలు కుట్టే సన్నసూదులు నన్ను చూసి నవ్వుతాయి. నవ్వనివ్వండి, అవి బస్తా కుట్టలేవు. అనకాపల్లిలో ఒక కొలిమిలో పుట్టి, బియ్యం మిల్లులో కొన్నాళ్లు బస్తాల మూతులు కుట్టాను. ఆ మిల్లు గుమాస్తా జోగారావు ఒక సాయంత్రం నన్ను జేబులో వేసుకుని ఇంటికి పట్టుకొచ్చాడు. పుస్తకాలు కుట్టుకోడానికి దబ్బనం కావాలని భార్య పోరు.

ఆవిడ పేరు సత్యవేణి. చిన్నప్పుడు ఉప్పు ఒలకబోసి, పొట్లం కాగితం చదువుతూ దెబ్బలు తిన్న మనిషి. నలభైకి దగ్గరపడినా ఆ ఆత్రం తగ్గలేదు. పప్పు ఉడుకుతుంటే హత్యల సీరియల్, బట్టలు ఆరేసి వచ్చి దయ్యాల కథ, దీపం పెట్టాక భాగవతం. ఏదీ లేకపోతే మొగుడు తెచ్చిన ఎరువుల కరపత్రం. ఒకటి చేతిలో ఉండగానే చూపు ఇంకోదాని మీద.

"పప్పు మాడింది" అని జోగారావు అంటే, "హంతకుడు దొరికాడుగా!" అనేది.

మా వీధిలో అయిదిళ్లవాళ్లు కలిసి ఒక వారపత్రిక తెప్పించేవారు. అది వంతులవారీగా తిరిగి చివరికి మా ఇంటికొచ్చేది. ఆఖరున చదివేవాళ్లకు చింపుకునే హక్కు. సత్యవేణి సీరియల్ కాగితాలు వరసపెట్టి, నాతో పురికొస లాగించి, చీరల డబ్బా అట్ట వేసి, మైదా జిగురు పూసేది. మనుషులు చదివేసిన కథని ఇంత కష్టపడి ఎందుకు దాచుకుంటారో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఎదురింటి వనజాక్షి కుటుంబ కథలు తప్ప ముట్టుకోదు. "హత్యలు చదివి అన్నం ఎలా తింటారు వదినగారూ!" అనేది. ఆవిడ భర్తని బ్యాంకువాళ్లు మహారాష్ట్రలో భుసావల్‌కి బదిలీ చేశారు. తెలుగు అక్షరం కనబడని ఊరు.

"నా సీరియల్ కుట్టి ఇస్తానన్నారు కదా. అదొక్కటుంటే అక్కడ బతికేస్తాను. ఎల్లుండే ప్రయాణం."

"అదెంతసేపు వనజా!" అంది సత్యవేణి.

వనజాక్షి సీరియల్ కట్ట విప్పి చూసుకుంది. చివరి ఎనిమిది భాగాలు లేవు. ఆ ఎనిమిది వారాలూ పత్రికవాళ్లు ఒకే కాగితానికి ఇటు హత్యల సీరియల్, అటు వనజాక్షి సీరియల్ వేశారు. సత్యవేణి హత్యలవైపు చూసి చింపి, కుట్టేసి, అట్ట కూడా వేసేసుకుంది. జోగారావు పత్రిక ఏజెంటు దగ్గరికి పరిగెత్తాడు. మిగిలిన ప్రతులు ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయాయట.

ఆ మర్నాడంతా ఆవిడ ఇంట్లో కాలు నిలవకుండా తిరిగింది. అట్ట తెరిచేది, మూసేది. ఇవ్వకపోతే మాట పోతుంది. ఎనిమిది కాగితాలూ ఊడదీసి ఇస్తే తన పుస్తకంలో హంతకుడు దొరకడు.

"చదివేసిందేగా, ఇచ్చెయ్యి" అన్నాడు జోగారావు.

"మీరు నిన్న తిన్నారుగా, ఇవాళ మానెయ్యండి" అంది.

అంతలోనే బ్లేడు తీసింది. పురికొస తెంచి, ముక్కల్ని నా మొనతో పైకి లాగింది. విప్పడానికి నన్ను వాడటం అదే మొదలు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత రెండు సీరియళ్లూ కలిపి ఒకే పుస్తకంగా కుట్టేసింది. తల ఇక్కడ, మొండెం అక్కడ ఉంచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"అయ్యో, ఈ హత్యలు నాకెందుకండీ?" అంది వనజాక్షి, లావుపాటి పుస్తకాన్ని చూసి.

"చదవక్కర్లేదులే. తోడుగా ఉంటాయి."

రిక్షా మలుపు తిరిగేదాకా సత్యవేణి చూసింది, వనజాక్షిని కాదు, ఆమె ఒళ్లోని అట్టని.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. "వదినగారూ, నా సీరియల్ మూడుసార్లు అయిపోయింది. తోచక కాగితం అటు తిప్పాను. ఆ రోజు మీ అన్నయ్యగారికి అన్నం రెండున్నరకు పెట్టాను. ఇన్నాళ్లూ నాకు బలవంతంగానైనా చదివి వినిపించలేదేం? ఇంకా ఉంటే పంపండి. దయ్యాలైనా సరే."

సత్యవేణి ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, అటక మీది పెట్టె దింపించింది. నాలుగు పుస్తకాలు ఏరి, గుడ్డలో చుట్టి, పార్సిల్ కుట్టడం మొదలుపెట్టింది. మూడు వైపులా అయింది. నాలుగో వైపు మూసేముందు, పైనున్న దయ్యాల కథలో రెండు వాక్యాలు చూద్దామని పుస్తకం బయటికి లాగింది.

"పోస్టాఫీసు మూసేశారు" అన్నాడు జోగారావు గుమ్మంలోంచి.

"ష్! దయ్యం ఇప్పుడే తలుపు కొట్టింది" అంది, తలెత్తకుండా.

నేను గుడ్డలో సగం దిగి, దారం వేలాడేసుకుని, అలాగే ఉన్నాను.