పరాగ్వే నాణెం మీది పువ్వు

వేసవిలో పక్షవాతం వచ్చాక గురునాథం మాస్టారికి కాలూ చెయ్యీ కాస్త స్వాధీనమయ్యాయి గానీ, పేర్లు మాత్రం తిరిగి రాలేదు. ఆయనకిష్టమైనవి చూపిస్తూ మాట్లాడించమని డాక్టరు చెబితే, భార్య బాలత్రిపురసుందరి అటక మీంచి నాణేల పెట్టె దింపించి వెంకటనారాయణకు కబురంపింది.

వెంకటనారాయణ పొగాకు రైతు. ఇద్దరూ పర్చూరు బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. దక్షిణ అమెరికా నాణేలంటే గురునాథానికి ప్రాణం. ఒక్కో నాణెం చేతిలో పెట్టి, దాని మీది వీరుడు ఏ దేశాన్ని ఎలా విడిపించాడో పొద్దుగూకేదాకా చెప్పేవాడు. పేరు తప్పు పలికితే మండిపడేవాడు. వెంకటనారాయణ ఊఁ కొట్టేవాడే తప్ప, ధ్యాసంతా పొలం మీదే ఉండేది. ఇప్పుడు పెట్టె తెరిస్తే అతనికి గుర్తున్నవి ఇద్దరు వీరుల పేర్లే.

"ఒరేయ్, ఈయనెవర్రా?" అంటూ వెనిజులా నాణెం చూపించాడు.

గురునాథం నాణెం వైపు వంగి చూశాడు.

"బొలీవరేనా?"

తలూపాడు.

"శాన్ మార్టిన్ కదూ?" అన్నాడు ఈసారి, కావాలనే పేరు మార్చి.

దానికీ తలూపాడు.

తిట్టించుకోవాలని ఆశపడి, "మన మార్టూరు క్వారీ దానయ్యలా లేడూ?" అన్నాడు వెంకటనారాయణ. గురునాథం దానికీ బుద్ధిగా తలూపాడు. గుమ్మంలో నిలబడ్డ సుందరి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత పరాగ్వే నాణెం వచ్చింది. ఒకవైపు సైనికుడు, రెండోవైపు పొగాకు పువ్వు. ఆకు బలంగా రావాలని మొగ్గలోనే తుంచేసే పువ్వు అది. వెంకటనారాయణ కావాలనే, "ఇది మందారం," అన్నాడు.

గురునాథం నొసలు ముడిపడింది. నాణెం లాక్కుని బొటనవేలితో తడిమాడు.

"కాదు... పొ... పొగాకు."

సుందరి తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. వెంకటనారాయణ ఆమె వైపు తిరిగాడు.

"చూశావామ్మా, పేర్లు వచ్చేస్తున్నాయి. ఏరా, మరి నేనెవర్నో చెప్పు."

గురునాథం అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని చూసినట్టు చిన్నగా నవ్వాడు.

"ఏమీ అనుకోకండి. మీది... ఏ ఊరండీ?"

సుందరి గోడవైపు తిరిగింది.

"ఈ ఊరేనండి," అన్నాడు వెంకటనారాయణ. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, తన పేరు, పొలం ఎక్కడుందో, ఈ ఏడు ఆకు ఎలా ఉందో కొత్త మనిషికి చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పాడు. గురునాథం మర్యాదగా వింటూ కూర్చున్నాడు.