ఆరో ఫౌల్

రొడెల్ మగ్‌బనువా ఎడమ మోకాలికి పట్టీ నాలుగోచుట్టు తిరుగుతోంది. మాలిష్ చేసే ముసలి పోల్దో దాన్ని లాగి బిగించి, చివర పళ్లతో తెంపాడు.

"నీ మోకాలు కిర్రుమంటే ఎవరో తలుపు తీశారనుకుని వెనక్కి చూశానయ్యా."

"తీసే ఉంచు మామా. ఇంకో ఏడాది మూసుకోకూడదు."

రొడెల్‌కి ముప్ఫయ్యెనిమిదేళ్లు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. ముక్కు రెండుసార్లు విరిగి ఒకవైపుకి ఒరిగింది. ఎడమ చిటికెనవేలు వంకర. మోచేతుల మీద చర్మం కాయలు కాసి నల్లబడింది. కుబావో బాస్కెట్‌బాల్ స్టేడియం బయట అతనితో ఫొటో దిగుతామని ఎవరూ రారు. వచ్చినా కెమెరా అతని చేతికిచ్చి, పక్కనున్న వాణ్ణి తమతో కలిపి తియ్యమంటారు.

ఏడాదికి మూడు సీజన్లు. వాటిలో రెండింటికి ఒక్కో జట్టుకి ఒక్కో విదేశీ ఆటగాడు దిగుతాడు. రంగుల కంపెనీ వాళ్ల ఈ జట్టులో అతనొచ్చి బుట్ట కింద నిలబడితే, రొడెల్ పక్కనుండి తువ్వాలు అందిస్తాడు. అందరూ ఫిలిప్పీన్స్ వాళ్లే ఆడే ఈ సీజన్లోనే అతనికి కాళ్లు కదిపే అవకాశం. ఆ అవకాశం కూడా ఎందుకు? కొట్టడానికి. ఆరు ఫౌళ్లయితే ఆటగాడు బయటికి పోవాలి గనక మిగతావాళ్లు వాటిని జాగ్రత్తగా దాచుకుంటారు. రొడెల్‌ది వాటిని ఖర్చుపెట్టే ఉద్యోగం. అవతలి జట్టులో మొనగాడు పైకి లేస్తే వాడి చేతి మీద ఒకటి ఇచ్చుకుని, ఆరూ అయ్యాక తలొంచుకుని బయటికొచ్చేస్తాడు. పద్నాలుగేళ్లలో అతని దెబ్బకి ఎవరి ఎముకా విరగలేదు. అది ఏ పత్రికా రాయలేదు. అతనుండే మరికీనాలో ఇంటి పక్కవాళ్లు మాత్రం ఇప్పటికీ వేళాకోళమాడతారు, "ఏం బావా, నిన్న ఎంతసేపట్లో గెంటేశారు?" అని.

గట్టి పోటీ ఉన్న ఆటలో, ఆఖరి హారన్ మోగేటప్పుడు అతను మైదానంలో నిలబడింది ఒక్కసారి కూడా లేదు.

ఈ సీజన్‌తో అతని ఒప్పందం అయిపోతుంది. సెమీస్‌కి చేరితే ఇంకో ఏడాది ఉంచుతామని మేనేజరు రామిల్ అన్నాడు. సెమీస్‌కి చేరాలంటే ఇవాళ గెలవాలి. పొద్దున వెల్లుల్లి అన్నంలో ఎండుచేప వేసి పెడుతూ భార్య లోర్నా "గెలుస్తారా?" అంది. "చూద్దాం" అన్నాడు. ఓడితే ఏమవుతుందో ఆమెకి చెప్పలేదు. చెప్పే ఓపిక లేకపోయింది.

ఆట అనుకున్నట్టే సాగింది. నూడుల్స్ కంపెనీ జట్టులో ఆర్నెల్ దిమాయుగా అనే కొండని పట్టుకుని రొడెల్ మూడు గంటల ముందు కట్టిన పట్టీలన్నీ తడిపేశాడు. నాలుగు పావుల ఆటలో మూడోది అయ్యేసరికి అతనికి నాలుగు ఫౌళ్లు. ఆఖరి పావులో అయిదోది. ఇంకా తొమ్మిది సెకన్లుండగా రొడెల్ జట్టు ఒక్క పాయింటు ముందుంది. బంతి అవతలివాళ్లది.

కోచ్ హెర్మీ అందర్నీ దగ్గరికి లాగి చెప్పాడు. "ఇంకో ఫౌల్ చేసినా వాళ్లకి ఫ్రీ త్రోలు రావు, బంతి పక్కనుంచి మళ్లీ మొదలెట్టాలి, అంతే. రొడెల్, దిమాయుగా పైకి లేవకముందే పట్టేసుకో. నువ్వు బయటికొచ్చెయ్, మిగతాది వీళ్లు చూసుకుంటారు. అర్థమైందా?"

"అయింది కోచ్."

అయింది కూడా. ఇందులో అర్థం కాకపోవడానికేముంది? పద్నాలుగేళ్లుగా చేస్తున్న పనే.

దిమాయుగా బంతితో మీదకొచ్చాడు. పట్టుకోవడానికి చెయ్యి సిద్ధంగా ఉంది. ఆ క్షణంలో రొడెల్‌కి ఒక్కటే అనిపించింది: ఈ ఒక్కసారి బయటికి పోకూడదు. రెండు చేతులూ నిటారుగా పైకెత్తి, అందరు ఆటగాళ్లలాగే ఎగిరాడు. అతను ఎగిరిన ఎత్తు చాల్లేదు. బంతి వేళ్ల మీదుగా పోయి బుట్టలో పడింది. హారన్ మోగింది. అతను మైదానంలోనే ఉన్నాడు.

సంతోషం కలిగింది. ఆ సంతోషానికి వెంటనే సిగ్గేసింది.

దిమాయుగా వచ్చి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. "పదకొండేళ్లుగా బాదుతూనే ఉన్నావు. ఇవాళ ఏమైందన్నా?"

"చివరిదాకా ఉండాలనిపించిందిరా."

దిమాయుగా నవ్వబోయి ఆగిపోయాడు.

లోపల కోచ్ కూడా అదే అడిగాడు, "ఎందుకు పట్టుకోలేదు?" అని. రొడెల్ వంగి బూట్ల తాళ్లు విప్పుకున్నాడు. కోచ్ తిట్టలేదు, రెండోసారి అడగనూ లేదు. కుర్రాళ్లు ఒక్కొక్కరే స్నానాలు చేసి, అతని భుజం తట్టి వెళ్లిపోయారు. పోల్దో రెండు ప్లాస్టిక్ సంచుల నిండా మంచు ముక్కలు తెచ్చి, ఒక్కో మోకాలి మీద ఒకటి పెట్టి గుడ్డతో కట్టాడు.

"ఇరవై నిమిషాలు. కదలకు."

కాసేపటికి రామిల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "పైవాళ్లతో ఇప్పుడే మాట్లాడానన్నా. ఇంకో ఏడాది కుదరదన్నారు."

"నువ్వేం చేస్తావులే. ఇంటికెళ్లు, వాన పడేలా ఉంది."

రామిల్ వెళ్లాక రొడెల్ వంగి గుడ్డముడులు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇంకా పావుగంటుందయ్యా!" అన్నాడు పోల్దో.

"రేపట్నించి వీటితో పనేముంది మామా?"

పోల్దో తువ్వాళ్లు మడతపెట్టసాగాడు. రొడెల్ సంచీ తగిలించుకుని, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ వెనక గుమ్మం వైపు నడిచాడు. రోడ్డు మీద మరికీనా పోయే జీప్నీ బండివాడు జనాన్ని పిలవడం వినిపిస్తోంది.

బెంచీ మీద రెండు మంచు సంచులూ పక్కపక్కనే ఉన్నాయి. లోపలి ముక్కల అంచులు ఇంకా కరగలేదు.