నడిచే చుండ్రు

మా బావ స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. తనిఖీ చేయడానికి స్కూళ్ళు లేకపోయేసరికి పెరట్లో ఏడు కోడిపెట్టల్ని పెంచడం మొదలుపెట్టాడు. పెంచడమంటే, గింజలు చల్లేదీ గూడు ఊడ్చేదీ మా అక్క. ఆయన కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకు కోళ్ళ పెంపకం మీద ఉపన్యాసాలిచ్చేవాడు. పక్క వాటాలో బట్టలు కుట్టుకునే నాకు కిటికీ తెరిస్తే వాళ్ళ పెరడే. నేను విననివి లేవు.

ఒకరోజు గోధుమరంగు పెట్టకు తోక కింద ఈకలు రాలి, ఎర్రటి చర్మం బయటపడింది. అక్క కంగారుపడింది.

"ఈకలు మార్చుకునే కాలం. ఏటా జరిగేదే," అన్నాడు బావ, పేపరులోంచి తలెత్తకుండానే.

వారం తిరిగేసరికి ఇంకో మూడింటికి అదే గతి. ఈకలు మార్చుకునే కోడికి రాలిన చోట కొత్తవి ముళ్ళలా పొడుచుకొస్తాయి. వీటికి అలా మొలిచింది ఒక్కటీ లేదు. పొద్దస్తమానం వెనక్కి తిరిగి ముక్కుతో పొడుచుకోవడమే పని. గుడ్లు సగానికి పడిపోయాయి. అప్పుడైనా ఒక్క కోడిని చేతిలోకి తీసుకుని చూశాడా? లేదు. కారణం మాత్రం కనిపెట్టాడు.

"నీ మిషను చప్పుడేనమ్మాయ్. బెదిరిపోయి ఈకలు రాలుస్తున్నాయి. మధ్యాహ్నాలు ఆపెయ్."

ఆడలేక మద్దెల ఓడన్నాడట ఒకడు. నాకు ఒళ్ళు మండింది. అక్క మొహం చూసి మూడు రోజులు మిషను ఆపాను. కోళ్ళు మరింత బోడివయ్యాయి.

నాలుగోరోజు పొద్దున నేనే వెళ్ళి, గోధుమరంగు పెట్టను చంకలో ఇరికించుకుని, తోక కింద ఈకలు విడదీశాను. వెలుతురు తగలగానే గడ్డిరంగు పేలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. ఈకల మొదళ్ళలో తెల్లటి ఈపులు దారపు ముడుల్లా గుత్తులుగా అంటుకుని ఉన్నాయి.

"బావా, ఒకసారి ఇలా రండి."

వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"చుండ్రు," అన్నాడు.

"చుండ్రు నడుస్తుందా బావా?"

"నా కోళ్ళకు పేలేంటి? శుభ్రమైన కొంప ఇది!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అక్కే వెళ్ళి పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఆవిడ రెక్క ఎత్తి చూసి, ఒక పొడి డబ్బా ఇచ్చింది. రెక్కల కిందా తోక కిందా ఈకలు విప్పి పట్టించమంది. గూట్లో పాత గడ్డి తీసి తగలబెట్టమంది.

"దీనికి పేలు చస్తాయి గానీ ఈపులు చావవు. పది రోజులకు మళ్ళీ వెయ్యాలి. మర్చిపోకండి," అని రెండుసార్లు చెప్పింది.

డాక్టరమ్మ ఎదుట పరువు దక్కించుకోవాలి గదా, ఆ పని బావ తనే చేశాడు. మర్నాటికి పేలు కనబడలేదు. ఇక ఆయన్ని పట్టేదెవరు? పదో రోజున అక్క గుర్తుచేస్తే, "చచ్చినవాటిని మళ్ళీ చంపుతామా? మందులమ్ముకునేవాళ్ళ మాటలవి," అని డబ్బా అటక మీద పడేశాడు.

మూడు వారాలకు పేలు మునుపటికన్నా పెచ్చుమీరాయి. అన్నిటిలోకీ ముసలిది నల్లపెట్ట. అక్క అరచేతిలో గింజలు తినేది. అది మేత మానేసి మూల కూర్చుంది. రెండోరోజు పొద్దున చూస్తే బిగుసుకుపోయి ఉంది.

బావ గొంతు సవరించుకున్నాడు. "దానికి వయసైపోయింది..."

అక్క ఆయన వంక చూడలేదు. దాన్ని గోడ పక్కన పాతిపెట్టి, చేతులు కడుక్కుని, నిచ్చెన వేసుకుని డబ్బా దింపింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ మొగుడి మాటకు ఎదురుచెప్పగా నేను వినలేదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు.

"ఏవండీ, ఇలా వచ్చి కాళ్ళు పట్టుకోండి."

"ఎవరి కాళ్ళు?"

"కోడి కాళ్ళు. నావి తర్వాత చూద్దాం."

ఆయన నేల మీద చతికిలపడి పట్టుకున్నాడు. పట్టుకుంటూనే, "అసలు ఈ పేల జాతిలో..." అని మొదలుపెట్టాడు.

"మాట్లాడకండి. నోట్లోకి పొడి పోతుంది."

ఆ రోజు మిగిలిన ఆరు కోళ్ళకూ పట్టించారు. మళ్ళీ సరిగ్గా పది రోజులకు పట్టించారు. నెలన్నరకు కోళ్ళు తేరుకున్నాయి. ఇప్పటికీ అక్క వారానికోసారి ఒక్కొక్కదాన్నే ఒళ్ళో పెట్టుకుని ఈకలు విప్పి చూస్తుంది. అనుమానం వస్తే కిటికీలోంచి నన్ను పిలుస్తుంది. పక్కనే కుర్చీలో ఉన్న ఆయన్ని అడగదు.