చల్లగా ఉన్న రెండో గొట్టం

నోలీన్‌కి భయం కొత్త కాదు. కెటిల్ మరిగి టక్కున ఆగినా ఆమె ఉలిక్కిపడుతుంది. ఎవరైనా కారు తాళాలు చేతిలోకి తీసుకుంటే చాలు, పాల సీసా కోసం వీధి చివరికి పోతున్నా సరే, "చేరాక ఫోను చెయ్యి" అంటుంది. కానీ ఆ మధ్యాహ్నం కుల్గారా కార్ల పందేల ట్రాక్ దగ్గర ఆమెని పట్టుకున్నది ఆ రోజువారీ భయం కాదు. పందెం గీత దగ్గర నిలబడి కూతురి కారుకి సైగ చెయ్యాల్సింది ఆ రోజు తనే.

ఇన్నాళ్ళూ ఆ పని అల్లుడు డేన్ చేసేవాడు. ఈస్టర్ వెళ్ళగానే అతను కాపురం వదిలేసి, పనిముట్లన్నీ బండికెత్తుకుని పెర్త్ వెళ్ళిపోయాడు. కూతురు కెరిన్ షెడ్డులోంచి బయటికి రాలేదు. గేటు దగ్గర నిలబడి, దుమ్ము అణిగేదాకా చెయ్యి ఊపింది నోలీన్ ఒక్కతే.

ఆ తర్వాత, ఈస్టర్ వెనకే వచ్చే అక్కడి చలికాలమంతా కెరిన్ ఆ షెడ్డులోనే బతికింది. తండ్రి క్లైవ్ వదిలిపోయిన ఎర్ర కారుని విప్పి మళ్ళీ కట్టింది. ఆ కారుకి సూపర్‌చార్జర్ ఉంది, అది గాలిని బలవంతాన ఇంజిన్‌లోకి కుక్కుతుంది. కుక్కిన గాలి సైకిల్ పంపు అడుగులాగా కాలిపోతుంది. ఆ వేడిని లాగెయ్యడానికి ఇంటర్‌కూలర్. డ్రైవరు పక్కన సీటుండాల్సిన చోట మంచు నీళ్ళ ట్యాంకు ఉంటుంది. ట్యాంకు అడుగునున్న పంపు తోస్తే నీళ్ళు ఒక గొట్టంలో ముందుకి పోయి, గాలి వేడిని తీసుకుని, రెండో గొట్టంలో వెనక్కి వస్తాయి. కెరిన్ పాత ఇంటర్‌కూలర్ తీసి దానికి రెండింతలుండే కొత్తది బిగించింది. ఆ చలవని నమ్ముకునే గాలి ఒత్తిడి పెంచింది, నిప్పురవ్వ మునుపటికన్నా ముందే పడేట్టు ట్యూనింగ్ మార్చింది.

"గాలి చల్లగా ఉన్నంతసేపూ ఇది బంగారం అమ్మా," అంది, పరీక్ష చేసిన రోజు. "వేడెక్కిందో, పిస్టన్లు వెన్నలా కరిగిపోతాయి."

ఆ తర్వాత ఏమవుతుందో నోలీన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంజిన్ పగులుతుంది. నూనె ఆ కారు వెనక టైర్ల కిందికే కారుతుంది. కెరిన్ ఇంకా బడికి పోయే రోజుల్లో క్లైవ్ అలాగే జారి గోడకి కొట్టుకున్నాడు. నోలీన్ పరిగెత్తి అవతలి కొసకి చేరేసరికి ఆయన ప్రాణంతో లేడు. గీత దగ్గర బొటనవేలెత్తి ‘పో’ అన్నది ఆమే. ఆయన చివరిగా చూసింది ఆ వేలినే.

ఆ మధ్యాహ్నం ట్రాక్ పక్కన షామియానా కింద కెరిన్ నిప్పంటని అగ్గిసూటు నడుం దాకా తొడుక్కుని, దాని చేతుల్ని నడుం ముందు ముడేసుకుని నిలబడింది.

"అమ్మా, ఇటు చూడు. రెండే సైగలు. వేలెత్తితే పోతాను. గొంతు మీదుగా చెయ్యి అడ్డంగా లాగితే ఇంజిన్ ఆపేస్తాను. ఎందుకని అడగను."

"తెలుసే. నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు."

"తెలుసు గనకే చెప్తున్నా. ఊరికే భయమేసి నన్ను ఆపావనుకో, ఇక నీ చోటు జనం కూర్చునే ఆ బెంచీల మీదే. మళ్ళీ గీత దగ్గరికి రానివ్వను."

పక్కన ఫెటు బ్రెడ్డులో చుట్టిన సాసేజ్ నములుతున్నాడు. సమోవా దీవుల కుర్రాడు, కెరిన్‌తో కలిసి లారీల వర్క్‌షాపులో పనిచేస్తాడు. "ఆంటీ భయపడని రోజొస్తే నేను ఇంటికి పారిపోతాను," అన్నాడు. "పొద్దున నా సాసేజ్‌ని కూడా చీల్చి చూసింది, ఉడికిందో లేదో అని."

"ఉడకలేదు. అయినా తిన్నావు. సాయంత్రానికి నీకే తెలుస్తుంది," అంది నోలీన్.

కెరిన్ నవ్వింది. ఆ నవ్వు అచ్చం తండ్రిది. నోలీన్ చూపు తిప్పుకుంది.

"నేను తనిఖీవాళ్ళకి హెల్మెట్ చూపించి రావాలి," అంది కెరిన్. " నువ్వు ట్యాంకు నింపు. ముందు నీళ్ళు గుర్తు దాకా, ఆ పైన మంచు. సరేనా?"

నోలీన్ చెప్పినట్టే చేసింది. గుర్తు దాకా నీళ్ళు పోసి, మంచు సంచులు విప్పి గుమ్మరించింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. తారు చెప్పుల కింద అంటుకుంటోంది. ఈ ఎండకి ఈ మంచు ఏ మూలకి? ఐస్‌పెట్టెలో ఇంకో సంచి ఉంది. ట్యాంకులో చోటు లేదు. టీ మగ్గుతో నీళ్ళు తోడి పారబోసింది, మళ్ళీ తోడింది, అడుగున కాసిని మిగిలేదాకా తోడింది. ఆ సంచి కూడా ఒంపి, పిడికిలితో గట్టిగా అదిమింది. ఉప్పెక్కువైతే కూర చెడుతుంది గాని, చలవెక్కువై ఏది చెడింది? గాజులాంటి మూత బిగించాక ఆమెకి పొద్దుట్నుంచీ మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

వరసలో వాళ్ళ వంతు వచ్చింది. కెరిన్ నీటి మడుగులో టైర్లు తడిపి, ఉన్నచోటే గిరగిరా తిప్పి వేడెక్కించింది. తెల్లటి పొగ కమ్మేసింది. పొగలోంచి కారు వెనక్కి రాసాగింది. టైర్లు తాము గీసిన నల్లచారల మీదికే సరిగ్గా వచ్చేట్టు నోలీన్ రెండు చేతులతో దారి చూపింది. ఫెటు కారు కిందికి వంగి, కారుతున్నదేమీ లేదని తల ఊపాడు.

డేన్ ప్రతిసారీ చేసినట్టు, నోలీన్ పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి గొట్టాలు తాకింది. మొదటిది చల్లగా ఉంది. రెండోది కూడా చల్లగానే ఉంది.

రెండోది గోరువెచ్చగా ఉండాలి. వేడి మోసుకొచ్చే గొట్టం అది.

కొత్త ఇంటర్‌కూలర్ అంత గొప్పదేమో. వేడిని మిగలనివ్వడం లేదేమో. కెరిన్ చెప్పింది కదా, రెండింతలని. లోపలున్న వేడి కొలిచే ముల్లు కూడా చలవనే చూపిస్తోంది. కానీ ఆ ముల్లు కొలిచేది ట్యాంకునే. ట్యాంకు చల్లగా ఉన్నంత మాత్రాన ఇంజిన్ చల్లగా ఉన్నట్టా? ఇది భయమా, నిజమా? ఆమె బతుకులో ఈ రెంటికీ మధ్య గోడ ఎప్పుడో కూలిపోయింది.

మూతలోంచి చూసింది. కారు అంతలా ఊగినా, ఇంజిన్ అంతలా కాలినా, మంచు కదల్లేదు, కరగలేదు. తన పిడికిలి అచ్చులు నాలుగూ అలాగే ఉన్నాయి.

నీళ్ళు తిరగడం లేదు. తిరగడానికి నీళ్ళుంటేగా. తనే తోడి పారబోసింది.

పక్క బాటలో పోటీకి పసుపుపచ్చ కారు సిద్ధంగా ఉంది. పందెం మొదలని దీపాలు వేసే మనిషి ఇటే చూస్తున్నాడు. నోలీన్ ముందుకొచ్చి నిలబడింది. హెల్మెట్ సందులోంచి కెరిన్ కళ్ళు రెండూ తల్లి మీదే ఉన్నాయి. నోలీన్ చెయ్యి దానంతటదే లేచింది, బొటనవేలు పిడికిలి దాటి సగం బయటికి వచ్చింది. ఆపితే పందెం పోయినట్టే. తన చోటూ పోయినట్టే. ఆ పాడు పని తనదేనని కూతురి ముందు ఒప్పుకోవాలి.

ఆమె అరచెయ్యి విప్పి గొంతు మీదుగా అడ్డంగా లాగింది.

కెరిన్ కదల్లేదు. ఇంజిన్ ఇంకా గర్జిస్తూనే ఉంది. నోలీన్ మళ్ళీ లాగింది, మళ్ళీ లాగింది, గోళ్ళు చర్మాన్ని గీసుకున్నాయి. అప్పుడు చప్పుడు ఆగింది. పసుపు కారు ఒంటరిగా దూసుకుపోయి పందెం గెలుచుకుంది.

ముగ్గురూ కారుని షామియానా కిందికి నెట్టుకొచ్చారు. కెరిన్ హెల్మెట్ తీసి ట్యాంకు మూత విప్పింది. మంచుని సుత్తి పిడితో పగలగొట్టి మోచేతి దాకా చెయ్యి దింపింది.

"పంపు నోరు ఎండిపోయుంది. నీళ్ళేవి?"

"తీసేశాను," అంది నోలీన్.

"ఎందుకు?"

"ఇంకో సంచి పట్టలేదు."

ఫెటు టైరు మీద చేత్తో రాస్తూ నిలబడ్డాడు.

"అంటే నన్ను చంపబోయిందీ నువ్వే, ఆపిందీ నువ్వే," అంది కెరిన్. గొంతు పెంచలేదు.

"అవును." నోలీన్ టోపీ తీసుకుంది. "నేను బెంచీల దగ్గరికి పోతాను. నువ్వు చెప్పక్కర్లేదు."

"ఆగు. భయమేసి ఆపావా, తెలిసి ఆపావా?"

"రెండూనే. ఏది ముందో నాకు తెలీదు."

కెరిన్ విడి టైరు మీద కూలబడింది. తడి చేతిని సూటుకి తుడుచుకుంటూ కారుకేసి చూసింది. తర్వాత, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగనిది అడిగింది.

"నాన్నని పంపిన రోజు... నీకేమన్నా అనిపించిందా?"

"లేదు," అంది నోలీన్. "ఆ రోజు ఎండ బాగుంది. మీ నాన్న పాట పాడుకుంటున్నాడు. నాకు భయమే వెయ్యలేదు. నవ్వుతూ వేలెత్తాను."

కెరిన్ తల వంచుకుంది. ఫెటు మెల్లగా అవతలికి నడిచి, అక్కర్లేని తాడేదో చుట్టడం మొదలుపెట్టాడు.

"వచ్చే నెల మళ్ళీ ఇక్కడే పందెం," అంది కెరిన్. "మంచు నేను పోసుకుంటాను. దాని జోలికి రాకు. గీత దగ్గర మాత్రం నువ్వే ఉండు."

బెంచీలకి పొమ్మంటే బాగుండేదని నోలీన్‌కి అనిపించింది. అక్కడైతే కళ్ళు మూసుకోవచ్చు. ఇక నుంచి ప్రతిసారీ కూతురి కళ్ళు తన చేతికోసమే చూస్తాయి, ప్రతిసారీ తనే పంపాలి.

"ఉంటాను," అంది.