ఇల్లు లేని ప్లాను

ఆదివారం చేప తెస్తే దాన్ని బాగుచేసే పని నాదే. బజారులో పది ఇరవై రూపాయలు ఎక్కువిస్తే వాళ్ళే పొలుసు తీసి ముక్కలు కొట్టి ఇస్తారు. మా అబ్బాయి గిరిధర్ ఆ డబ్బులు ఎప్పుడూ ఇవ్వడు. ఇంట్లో అమ్మ ఉండగా ఎందుకు దండగ అంటాడు. ఆ రోజు కూడా పెరట్లో కుళాయి పక్కన పీట వేసుకుని రోహు చేప పొలుసు గీకుతున్నాను. మోచేతుల దాకా జిగురు. కడుపు కోసి పేగులు లాగుతుంటే వెనక గదిలోంచి పిలిచాడు.

"అమ్మా, ఓటీపీ."

అంతే. నేనేం చేస్తున్నానో చూడలేదు. లేచి నాలుగడుగులు వేస్తే నా ఫోను వాడికే అందుతుంది, లేవలేదు. ఆ మాట తర్వాత మళ్ళీ వాడి ఫోనులో పడ్డాడు. అవతల మాట్లాడేది వాళ్ళ ఆఫీసులో పనిచేసే శివాజీ. స్పీకర్ పెట్టుకుని మాట్లాడటం వాడి అలవాటు. నా ముందు గొంతు తగ్గించాలని ఈ ఇంట్లో ఎవరికీ తోచదు. ఫ్రిజ్ ముందు ఎవరైనా గొంతు తగ్గించుకుంటారా?

ప్రతి జూలైలో రెండు ఆదివారాలు వాడికి ఇదే పని. ఇన్‌కమ్ టాక్స్ లెక్కలు నింపిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొంటాడు. అది ప్లాన్ల ప్రకారం అమ్ముతారట. ఉత్త జీతమో పెన్షనో అయితే ఒక ధర, ఇంటి అద్దె కూడా వస్తుంటే ఇంకో ధర, షేర్లుంటే మరీ ఎక్కువ. ప్లాను ఎంచుకుని, డబ్బు కట్టకుండా రెండు రోజులు వదిలేస్తే కంపెనీ వాళ్ళే బతిమాలుకుంటూ కూపన్ పంపుతారని శివాజీకి చెప్తున్నాడు. పులిని కొట్టినవాడి గొంతు అది. నా పేరుతో ఏటా కొత్త ఈమెయిల్ పెట్టి, మొదటిసారి వచ్చేవాళ్ళకిచ్చే డిస్కౌంటు కొట్టేస్తాడట. నాలుగేళ్ళుగా నేను ఆ కంపెనీకి ప్రతిసారీ కొత్తదాన్నేనన్నమాట.

మరి అమ్మకి ఏ ప్లాను తీసుకున్నావని శివాజీ అడిగాడు.

"అమ్మకేటుంది యార్, నాన్న పెన్షనొకటే గదా. సబ్‌సే ఛోటా వాలా, అన్నిటికన్నా చిన్నది."

నువ్వు ఆవిడకి ఇంటద్దె కడుతున్నట్టు చూపిస్తున్నావు కదా, అది ఆవిడ లెక్కలో రావాలి కదా అన్నాడు శివాజీ.

"నా దాన్లో చూపిస్తాను, చాలదా? అమ్మ దాన్లో చూపించాలంటే ఇల్లున్న ప్లాను కొనాలి. ఏడొందలు ఎక్కువ. ఎవడు కడతాడు?"

ఇద్దరూ నవ్వారు. నా చేతిలో చేప పిత్తం చిట్లింది. పచ్చటి చేదు నీరు వేళ్ళ మీదుగా కారింది. కడిగినా ఆ వాసన పోలేదు.

ఈ ఇల్లు నాది. మాట వరసకి కాదు, రిజిస్ట్రీలో నాది. మా ఆయన వెంకటస్వామి ఈ రాయపూర్‌లోనే రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. సర్వీసులో ఉండగానే పోయాడు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్ ఖాళీ చేయమన్నప్పుడు, రైల్వే ఇచ్చిన డబ్బుతో భన్‌పురి దారిలో ఈ జాగా కొన్నాను. గోడలు లేచినన్నాళ్ళూ పొద్దున్నే బకెట్లతో నీళ్ళు కొట్టి, మధ్యాహ్నం ఒంటరి ఉద్యోగస్తులకి అన్నం వండి డబ్బాల్లో పంపేదాన్ని. వేలిముద్ర ఆడదానికి ఇల్లేటి, రేపు ఏ కాగితం మీద ఎవడు వేలు నొక్కించుకుంటాడో అని మా అత్త అందరి ముందూ అనేది. మొగుడు పోయినదానికి చేపముక్కేటి అని కూడా అనేది ఆవిడే. మాలో మొగుడు పోయినవాళ్ళూ అవన్నీ తింటారు, ఆ పట్టింపు లేదు. ఆవిడ పట్టింపు మాత్రం ముక్క దగ్గరే.

వేలిముద్ర వదిలించింది హన్నా గారు. రైల్వే ఆసుపత్రిలో నర్సు చేసేది. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి వసారాలో ఆడవాళ్ళకి తెలుగు అక్షరాలు నేర్పేది. నేను చర్చికి వెళ్ళేదాన్ని కాదు, అయినా రమ్మంది. ప్రార్థన సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ పేరు రాసుకో తాయారమ్మా అంది. అప్పటికి నాకు యాభై దాటాయి. తెలుగు వచ్చాక హిందీ ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, దుకాణాల బోర్డులే నేర్పాయి.

నాకు సంతకం వచ్చిందని ఇంట్లో అందరికంటే సంతోషించినవాడు గిరిధర్. ఎందుకో ఆ మార్చిలో తెలిసింది. ఏడాదికి సరిపడా అద్దె రసీదులు ఒక్కసారే నా ముందు పెట్టాడు. నెలకి పదిహేను వేలు నాకు అద్దె ముట్టిందని వాటి మీద ఉంటుంది. అవి ఆఫీసులో చూపిస్తే టాక్సు తగ్గుతుంది. వేలిముద్రైతే ఆఫీసువాళ్ళు అనుమానపడతారమ్మా, సంతకమైతే దమ్ముంటుంది అన్నాడు. రెవెన్యూ స్టాంపులు నా చేతికిచ్చి, నాలుకతో తడిపి అంటించమన్నాడు. ఆ జిగురు రుచి నా నాలుకకి ఇంకా తెలుసు. సంతకం పెట్టి, మరి ఈ డబ్బేదిరా అని నవ్వుతూనే అడిగాను. కాగితం మీద మాటే గదా అని వాడూ నవ్వుతూనే అన్నాడు.

ఈ ఏడు ఆఫీసువాళ్ళు ఉత్త రసీదులు ఒప్పుకోం అన్నారు. అద్దె బ్యాంకులోంచి వెళ్ళినట్టు కనపడాలన్నారు. అందుకని ఏప్రిల్ నుంచి ఒకటో తారీఖున పొద్దున్నే నా ఖాతాలో పదిహేను వేలు పడేట్టు గిరిధర్ ఏర్పాటు చేసుకున్నాడు. నా కార్డు వాడి పర్సులోనే ఉంటుంది. పెన్షను తీసేది కూడా వాడే. మధ్యాహ్నానికల్లా ఆ పదిహేను వేలూ వెనక్కి తీసేసుకుంటాడు. బ్యాంకు మెసేజీలు హిందీలో వస్తాయి. పొద్దున జమ అయిందని చదువుకుంటాను, అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి పోయిందని చదువుకుంటాను. నా నోట్లో పెట్టి, బయటికి తీసి, ఆ ముద్దే వాడు తింటున్నట్టు ఉంటుంది. వాడికి అసహ్యం లేదు.

ఇంతకీ నేను వాడిని అడిగింది ఏమిటి? ఒక్క కమోడు. నా మోకాళ్ళు వంగవు. దొడ్డిలో కూర్చుంటే లేవలేను. గోడకున్న కుళాయి గొట్టం పట్టుకుని లేస్తాను. రోజూ పట్టుకుని పట్టుకుని ఆ గొట్టం ఊడొచ్చింది. ఆ రోజు తడి నేల మీద ఎంతసేపు పడి ఉన్నానో, ఎలా పాక్కుంటూ బయటికొచ్చానో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మాట కాదు. గిరిధర్ గొట్టం చూసి, లాగకమ్మా, గోడ పాడైపోతుంది అన్నాడు. కమోడు పెట్టించరా అంటే, పాత ఇంటి మీద డబ్బు పొయ్యడం దండగ, చూద్దాం అన్నాడు. చూద్దాం అన్నది రెండు వర్షాకాలాల కిందట. ఆ తర్వాత నేను సాయంత్రం ఆరు దాటాక నీళ్ళు తాగడం మానేశాను.

"అమ్మా, ఓటీపీ పోతాది, జల్దీ." మళ్ళీ పిలుపు.

కోడలు మాలతి ఫోను తీసుకుని పెరట్లోకి వచ్చింది. నా చేతులు చూసి, మీరు కడుక్కోండి అత్తమ్మా, నేను నంబరు చూసి చెప్తాను అంది. తను ప్రైవేటు బడిలో టీచరు. తన జీతం కూడా గిరిధరే చూసుకుంటాడు. మెసేజీ తెరవబోతుంటే, ఇది చెప్తే ఏమవుతుంది అని అడిగాను. మాలతి కిటికీ వైపు చూసింది. గొంతు తగ్గించి, మీ లెక్కంతా నిజమని మీరు ఒప్పుకున్నట్టు అంది.

"ఆ లెక్కలో ఇల్లు ఉందా?"

"లేదత్తమ్మా." కాస్త ఆగి, "నేను చెప్పానని ఆయనతో అనకండి" అంది.

ఫోను తీసుకుని నా చీర మడతలో పెట్టుకున్నాను. చీరకి చేప వాసన అంటింది, అంటనీ అనుకున్నాను. తల పట్టుకుని మొప్పలు తీశాను, ఉప్పూ పసుపూ రుద్ది కడిగాను. గిరిధర్ మూడోసారి పిలిచాడు, నాలుగోసారి తనే వచ్చాడు. ఎన్నేళ్ళయిందో వాడు పెరట్లో నా ఎదురుగా నిలబడి.

ఇల్లున్న ప్లాను కొను, అప్పుడు చెప్తాను అన్నాను.

మొదట వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. తర్వాత మాలతి మొహం చూశాడు, అది గోడ వైపు చూస్తోంది. నీకెవరు ఎక్కించారు అన్నాడు. ఈ వయసులో చదువు నేర్పితే ఇంతే అన్నాడు. చివరికి మనసులో ఉన్నది అన్నాడు.

"నాన్న బతికుంటే ఈ ఇల్లు నా పేరనే ఉండేది. నీ పేరనుంటే ఏటి, వండి పెట్టడానికే గదా ఉన్నావు."

ఆ కోపంతోనే పోయి కూర్చున్నవాడు మధ్యాహ్నం నాలుగు ముక్కలు వేయించుకుని తిన్నాడు. ముల్లు సరిగ్గా తియ్యలేదని కూడా అన్నాడు. నా కొడుకే. పాలిచ్చి పెంచినవాడే. వేళ్ళు నాకి కంచం పక్కకి తోసి లేచాడు. దాన్ని తీసి కడిగింది కూడా నేనే. వాడి కంచం కడగడం అదే చివరిసారని అప్పుడు అనుకోలేదు.

సోమవారం వాడు ఆఫీసుకి వెళ్ళాక ఆటో ఎక్కి బ్యాంకుకి వెళ్ళాను. కార్డు నా దగ్గర లేదు, మూసేసి కొత్తది ఇవ్వండి అన్నాను. కిటికీలో అమ్మాయి నా వంక, నా చీర వంక చూసి, అంగూఠా లగాయేంగీ యా సైన్, వేలిముద్రా సంతకమా అని అడిగింది. పెన్ను తీసుకున్నాను. ఆ రోజు మొదటిసారి నా సంతకం నా కోసం పెట్టుకున్నాను.

మంగళవారం మాలతి బడి నుంచి పెందలాడే వచ్చింది. నేను అడగలేదు. తనే వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, రండత్తమ్మా అంది. సర్కారువాళ్ళ సైటే ఉందట. దానికి ఏ ప్లానూ కొనక్కర్లేదు. కూపన్ అక్కర్లేదు, కొత్త ఈమెయిల్ అక్కర్లేదు. మరి మీ ఆయన ఏటా కొనేదేమిటే అంటే, అది తొందరగా అయిపోతుందట అని మూతి విరిచింది. ఇద్దరం నవ్వాం. ఆ గదిలో మేమిద్దరం నవ్వడం అదే మొదలు. పెన్షను వేసింది. ఇంటద్దె వేసింది, ఈ ఇంటి నంబరుతో సహా. అంతా కలిపినా నేను కట్టాల్సిన టాక్సు ఏమీ లేదు. ఒకచోట ఆగి, ఇది చూడండి అత్తమ్మా, అద్దెలో నూటికి ముప్పై తీసేస్తున్నారు, ఇంటి రిపేర్లకట అంది.

రిపేర్లు చేయించినట్టు కాగితాలు చూపించాలా అని అడిగాను. అక్కర్లేదంది. ఇల్లంటే రిపేర్లు ఉంటాయని వాళ్ళకి తెలుసట.

నా మొహం ఎన్నడూ చూడని ఢిల్లీవాళ్ళకి తెలిసింది, నా దొడ్డి గోడలోంచి ఊడిన గొట్టం చూసినవాడికి తెలియలేదు. ఓటీపీ వచ్చింది. నేనే చదివి చెప్పాను, ఒక్కో అంకె.

కొత్త కార్డు చేతికి అందిన రోజే శానిటరీ దుకాణానికి పోయి కమోడుకి బయానా ఇచ్చాను. గోడకి పట్టుకునే స్టీలు కమ్మీ కూడా చెప్పాను. మేస్త్రీ ఆగస్టు మొదటి వారంలో వస్తానన్నాడు.

ఒకటో తారీఖు పొద్దున పదిహేను వేలు జమ అయ్యాయి. తీరిక లేదని గిరిధర్ పెట్టుకున్న ఏర్పాటు, దానంతటదే పడుతుంది. భోజనం వేళకి ఏటీఎం దాకా వెళ్ళి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. నేను వసారాలో చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నాను. మాలతి గుమ్మంలో నిలబడింది.

"కార్డు పన్జెయ్యట్లేదు."

"కొత్తది నా దగ్గరుంది."

"ఇయ్యి."

ఇవ్వలేదు. అద్దె ముట్టింది, లెక్కలో కూడా రాయించాను అన్నాను. వాడు మాలతి వైపు చూశాడు. ఈసారి అది గోడ వైపు చూడలేదు. వాడి గొంతు లేచింది. కన్నకొడుకు దగ్గర అద్దె వసూలు చేసే తల్లి ఈ రాయపూర్ మొత్తంలో ఇంకొకతె ఉంటే చూపించమన్నాడు. తెలుగోళ్ళంతా మొహాన ఉమ్మేస్తారన్నాడు. నీ చేత్తో నువ్వే ఏటా రాసి తెచ్చావు కద నాయినా, అద్దె కట్టమని నేననలేదు అన్నాను. మాట చెల్లనప్పుడు వాళ్ళ నాన్న తీసే ఆయుధమే వాడూ తీశాడు. మొగవాళ్ళు వెళ్ళిపోతామంటారు. నా పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాటకి చేతిలో పని వదిలేసి, పట్టుకుని ఆపేదాన్ని.

"నీకే అద్దె కట్టాలని రాసిపెట్టుందా? నయా రాయపూర్‌లో ఫ్లాట్లు ఖాళీగా పడున్నాయి, సగానికి సగం ఇస్తారు. పోతాను. అప్పుడు తెలుస్తాది నీకు."

నా చేతిలో చిక్కుడుకాయ ఈనె తెగకుండా పొడుగ్గా వచ్చింది. ఇంకో కాయ అందుకున్నాను.

"వెళ్ళు నాయినా. ఖాళీ చేసే ముందు ఒక నెల ముందుగా చెప్పు" అన్నాను.